తెల్ల మూతల డబ్బాలు

ఆసుపత్రిలో నేలలు తుడిచే ఆమెను అందరూ పెద్దక్క అనేవారు. పాతికేళ్లు గడిచినా ఆమెకు చదువు రాదని అక్కడ ఎవరికీ తెలియదు. ఆకుపచ్చ మూత డబ్బాలోని మందు నేలకి, ఎర్ర మూతది మరుగుదొడ్లకి. అలా నెట్టుకొచ్చింది.

ఒకరోజు కొత్త డబ్బాలొచ్చాయి. అన్నిటికీ తెల్ల మూతలే. ఎవరినైనా అడిగితే గుట్టు బయటపడుతుందని, తోచిన డబ్బా తీసి బకెట్లో ఒంపింది. చాలదనిపించి, అదే అనుకుని ఇంకోటి ఒంపింది. రెండు మందులూ కలిసి గుప్పుమని పొగ లేచింది. గొంతు పట్టేసింది. గోడకి అవతల బాలింతలు, పసికందులు! ఊపిరి బిగబట్టి బకెట్ బయటికి లాక్కుపోయింది. ఎవరూ చూడలేదు. కానీ ఆ తర్వాత డబ్బా ముట్టుకోవాలంటేనే భయం వేసేది.

ఆ భయమే ఆమెను సర్కారువారి పెద్దల బడికి తరిమింది. ఆరు నెలలకి అక్షరాలు కూడబలుక్కుంటుండగా ఒక ఆఫీసరమ్మ వచ్చింది.

"ఏమీ అనుకోకండి. అయిదేళ్లలోపు పిల్లలకి చెప్పిన చదువు జీవితమంతా పనికొస్తుంది. మీకు చెబితే ఎన్నాళ్లు? ఉన్న సొమ్ము కాస్తంతే. ఈ గది పసిపిల్లల బడికి ఇచ్చేద్దామంటున్నారు."

పెద్దక్క మనవరాలికి మూడేళ్లు. ఆఫీసరమ్మ మాట తప్పనిపించలేదు. కానీ ఆ పొగ గుర్తొచ్చింది.

"నాకింకా ఏడేళ్ల ఉద్యోగముందమ్మా" అంది లేచి. జరిగిందంతా చెప్పేసింది. "ఇంకోసారి పొరబడ్డానంటే పుట్టి గంటైనా కాని బిడ్డ ఊపిరాగిపోతుంది. మీ లెక్కలో ఆ బిడ్డ ఎటు వస్తుంది?"

ఆఫీసరమ్మ పెన్ను తీసింది. "మీది ఏ ఆసుపత్రి?"

నోరు జారాను, ఉద్యోగం ఊడింది అనుకుంది పెద్దక్క. అయినా చెప్పింది.

మూడు వారాలు ఎవరు పిలిచినా ఉలిక్కిపడేది. చివరికి పెద్ద డాక్టరు కబురు పెట్టాడు. వెళ్లి నిలబడింది.

"ఆఫీసరమ్మ అంతా చెప్పింది. పాతికేళ్లుగా ఇక్కడున్నావు, మాకెందుకు చెప్పలేదమ్మా?"

"తీసేస్తారని భయమండీ."

ఆయన బల్ల మీదున్న కాగితం ముందుకు లాక్కున్నాడు. "ఆ గది పిల్లలకే ఇచ్చారు. నీ పాఠాలు ఇకనుంచి ఇక్కడే, డ్యూటీలోనే. చదువు రానివాళ్లు ఇంకెవరున్నారో చెప్పు."

పేర్లు చెప్పడానికి ఆమె ఒప్పుకోలేదు. తోటి పనివాళ్లను ఒక్కొక్కరినీ పక్కకి పిలిచి తనే అడిగింది. ఎనిమిది మంది తేలారు. వాళ్లలో ఇరవై రెండేళ్ల ఆయా ఒకామె అయితే, తలుపు వేశాకే తనకూ చదువు రాదని నోరు విప్పింది.