కొండచిలువ మింగిన గడి

మా అమ్మమ్మ కలొలైనె పుట్టకముందు ఒకటి తరవాత ఏమొస్తుందో ఈ పసిఫిక్ సముద్రంలో చేపలక్కూడా తెలియదు. అవి ఒకటి దగ్గరే ఆగిపోయి, రెండు ఎవరైనా చెబుతారేమోనని నోళ్ళు తెరుచుకుని ఎదురుచూసేవి. ఇప్పటికీ అలాగే తెరుచుకుని ఉంటాయి, కావాలంటే చూడండి. అది అప్పటి అలవాటు.

అంతటావిడకు అరవై ఎనిమిదో ఏట కంప్యూటరు భాష నేర్చుకోవాలని బుద్ధి పుట్టింది. దానికి కారణం చదువు మీద ప్రేమ అనుకునేరు. కారణం ఫూసి.

ఫూసి అమ్మమ్మకు వదిన, పోయిన అన్నగారి భార్య. మా టోంగాలో వదిన కన్నా ఆడబడుచుదే పైచేయి. తిండి దగ్గరా, పెళ్ళి దగ్గరా, చావు దగ్గరా మా అమ్మమ్మ మాటే చెల్లేది. చెట్టు బెరడు సాగగొట్టి, అతికించి చేసే గుడ్డ దగ్గర మాత్రం ముప్పై ఏళ్ళుగా ఫూసి రాజ్యం. యాభై గడుల గుడ్డకు ఏ ఇల్లు ఎన్ని గడులకు బెరడు సాగగొట్టి తేవాలో ఆవిడ నోటితోనే చెప్పేసేది. కాగితం ముట్టేది కాదు.

కిందటేడు మా దొరగారి కూతురి పెళ్ళి కుదిరింది. మా ఊరి ఆడవాళ్ళు యాభై గడుల గుడ్డ పట్టుకెళ్ళాలి. పెళ్ళిలో గుడ్డ పరిచి, అంచున గడి గడికీ వేసిన నంబర్లలో చివరిది గట్టిగా చదువుతారు. అది యాభై అయితే ఊరు తలెత్తుకుంటుంది. కాకపోతే ఆ ఊరి మాట ఇంకో పాతికేళ్ళ పాటు పడవల్లో తిరుగుతుంది. అలాంటి సమయంలో ఫూసి అలిగింది. తన మాట ఎవరూ సరిగా వినడం లేదనీ, ఈసారి లెక్క ఇంకెవరైనా చూసుకోండనీ అంది. అందరూ బతిమాలతారని ఆవిడ అనుకుంది. బతిమాలేవాళ్ళే, కానీ ఈలోగా మా అమ్మమ్మ, "సరే, నేను చూస్తా" అనేసింది.

ఇంటికొచ్చాక గాని ఆవిడకు భయం వెయ్యలేదు. పదేళ్ళకే బడి మానిపించి బెరడు కొట్టడానికి కూర్చోబెట్టారట ఆవిణ్ణి. నేనూ నాలుగో ఫారంలో మానేశాను గాని నన్నెవరూ మానిపించలేదు, అది నా సొంత తెలివి. అంచేత ఇంట్లో లెక్క చెప్పే దిక్కు లేదు.

చర్చి హాల్లో మంగళ, గురువారాలు మధ్యాహ్నం మాకా అనే కుర్ర మాస్టారు పైథాన్ అనే కంప్యూటరు భాష నేర్పేవాడు. వచ్చేది ఆరుగురు పిల్లలు. ఏడో విద్యార్థినిగా మా అమ్మమ్మ మర్యాదకు మేము కట్టే చాప నడుముకు చుట్టుకుని, ప్రార్థనకు వెళ్ళినట్టు వెళ్ళి ముందు వరసలో కూర్చుంది.

పైథాన్ అంటే కొండచిలువ అని ఎవరు చెప్పారో గాని ఆ సాయంత్రమే ఫూసికి తెలిసిపోయింది. కంచె అవతల నుంచి అడిగింది:

"మన దీవుల్లో పామే లేదు కదే కలొలైనే. ఉన్న ఒక్కదాన్నీ నువ్వు పెట్టెలో పెట్టి తెచ్చావు. అది లెక్క చెబుతుందా, మింగుతుందా?"

"ముందు మనుషులు మింగడం మానితే, పాము సంగతి చూద్దాం వదినా" అంది అమ్మమ్మ.

మొదటి రోజు తెర మీద తన పేరు కనబడేలా చేసింది. మాకా మాస్టారు నేర్పిందల్లా ఆవిడ తన బెరడు పనిలోకి దించుకునేది. ఒక విలువకు పేరు పెట్టడమంటే కట్టకు చీటీ కట్టడం. జాబితా అంటే పద్నాలుగు ఇళ్ళ పేర్లు వరసగా చెప్పడం. ఫలానా అయితే ఇలా చెయ్యి, లేకపోతే అలా చెయ్యి అనడం కోడళ్ళతో రోజూ ఉండేదే. ఒకే పనిని మళ్ళీ మళ్ళీ చేయించడం దగ్గరకొచ్చేసరికి, కొత్తేముంది, బల్ల మీద ఒక గడి అయ్యాక గుడ్డ జరిపి ఇంకో గడి మొదలుపెట్టడమే కదా అంది. అలా చేయించే ఆజ్ఞ కింది వరసలన్నీ నాలుగు ఖాళీలు లోపలికి ఉండాలన్న నియమానికి పిల్లలంతా తలలు పట్టుకుంటే, ఆవిడ ఒక్కసారీ తప్పలేదు. అంచు వంకరపోతే గుడ్డ ఎందుకు పనికొస్తుందని పిల్లల్నే మందలించింది. ఎర్ర అక్షరాలతో యంత్రం తప్పు పట్టినప్పుడు మాత్రం కోపం వచ్చేది. "పెద్దదాన్నని చూడకుండా ఎలా అరుస్తోందో చూడు మాస్టారూ" అని ఫిర్యాదు చేసేది.

యంత్రం సున్నా నుంచి లెక్క మొదలుపెడుతుందని మాస్టారు చెప్పిన రోజు ఆవిడకు అన్నం సయించలేదు. సున్నా నంబరు గడి ఉన్న గుడ్డను దొర ముందు పరిస్తే ఇంకేమైనా ఉందా? వారం రోజులు ఆ సున్నా మీదే కళ్ళు పెట్టింది. చివరికి గడికో చీటీ చొప్పున ఒకటి నుంచి యాభై దాకా అని రాసి, మీట నొక్కి, మొదటి చీటీ మీద ఒకటి కనబడగానే హాల్లోనే ప్రార్థన చేసుకుంది. చీటీలు అచ్చయ్యాయి. ఏ గడి ఏ ఇంటిదో స్పష్టంగా ఉంది. నేను ఇల్లిల్లూ తిరిగి పంచాను. ఎవరి చీటీలు వాళ్ళు చూసుకున్నారు. మొత్తం ఎన్నో ఎవరూ లెక్కపెట్టలేదు. యంత్రం లెక్కపెట్టింది కదా.

గుడ్డ అతికించడం రెండు రోజుల పని. పొడవాటి బల్లకు రెండు పక్కలా ఆడవాళ్ళు కూర్చుని, పట్టలు పరిచి, దుంప జిగురు రాసి, రంగు పులిమి, పాడుకుంటూ జరుపుతున్నారు. ఫూసి కూడా వచ్చి చివర్న కూర్చుంది. రెండో రోజు మధ్యాహ్నం అంచున నలభై తొమ్మిది రాశారు. తరవాతి కట్ట కోసం చేతులు చాచారు. కట్ట లేదు.

పాట ఆగిపోయింది. పెళ్ళికి మర్నాడు పొద్దున్నే పడవ ఎక్కాలి. బెరడు ఒలిచి, నానబెట్టి, కొట్టే వ్యవధి లేదు. ఎవరిదో ఒక గొంతు నెమ్మదిగా సలహా ఇచ్చింది: ఆ నలభై తొమ్మిదిని యాభైగా దిద్దేస్తే గడులు లెక్కపెట్టేదెవరు?

అమ్మమ్మ చీటీలన్నీ తెప్పించి ఒక్కొక్కటీ చూసింది. తరవాత చర్చి హాలు నుంచి కంప్యూటరు కూడా తెప్పించి తెరిచింది. మాకా మాస్టారు ఒకసారి చెప్పాడు, ఆవిడ సున్నా దిగుల్లో పడి వినలేదు: యాభై దాకా అంటే ఈ భాషలో యాభైకి ముందే ఆగిపోతుంది. అతిథిని గుమ్మం దాకా పిలిచి తలుపు వేసుకోవడమన్నమాట. మా ఊళ్ళో దాకా అంటే లోపలికొచ్చి భోంచేసి వెళ్ళేదాకా.

ఆవిడ లేచి నిలబడింది. అంతమంది ముందు ఆవిడ తప్పు ఒప్పుకోవడం నేనెప్పుడూ చూడలేదు.

"యంత్రం నేను చెప్పింది చెప్పినట్టే చేసింది. తప్పు నాది. అబద్ధం నంబరు మాత్రం రాయొద్దు. నలభై తొమ్మిదే పట్టుకెళదాం. ఎందుకు తగ్గిందని దొరగారు అడిగితే నేనే చెబుతాను."

ఫూసి లేచి వెళ్ళిపోయింది. సంతోషపడటానికి ఇంటికి పోయిందనుకున్నాను. పావుగంటలో ఒక కట్ట భుజాన వేసుకుని తిరిగొచ్చి బల్ల మీద పడేసింది. ఒక గడికి సరిపడా బెరడు, తెల్లగా, పల్చగా సాగగొట్టి ఉంది.

"ముప్పై ఏళ్ళూ యాభైకి యాభైయొక్కటి లెక్క వేశాను" అంది. "ఎవరో ఒకరు ఎగ్గొడతారని. ఎవరూ ఎగ్గొట్టకపోతే దాచేదాన్ని. నేను చెప్పలేదు, నువ్వు అడగలేదు."

"అడిగితే చెప్పేదానివా వదినా?"

"చెప్పేదాన్ని కాదు. అయినా చూశావా, మీ పాము ఒక గడి మింగింది."

ముందు అమ్మమ్మ నవ్వింది, తరవాత బల్లకు రెండు పక్కలా అందరూ నవ్వారు. యాభయ్యో గడి అతికేలోగా ఆవిడ కంప్యూటరు ఒళ్ళో పెట్టుకుని యాభై చెరిపి యాభైయొక్కటి చేసింది. ఆ వరస చివర ఒక గుర్తు పెట్టి ఏదో రాసింది. ఆ గుర్తు తరవాత రాసింది యంత్రం చదవదట, మనుషుల కోసమే. వంగి చూశాను. "ఇక్కడ ఒకటి కలపాలి. ఈ మాట ఫూసిది" అని ఉంది.

పెళ్ళిలో గుడ్డ పరిచారు. చదివేవాడు అంచు వెంట నడుచుకుంటూ చివరికి వెళ్ళి యాభై అని అరిచాడు. అందరూ చప్పట్లు కొట్టారు. మా అమ్మమ్మ ఎవరి వంకా చూడకుండా నడుము చాప సర్దుకుంది. పక్కనే ఫూసి కూడా సర్దుకుంది. ఇప్పుడు మంగళ, గురువారాలు ముందు వరసలో ఇద్దరు కూర్చుంటున్నారు. మాకా మాస్టారికి వాళ్ళ తగువు తీర్చడమే సగం పాఠం. ఫూసి ఇప్పటికీ చీటీలు వేళ్ళ మీద లెక్కపెట్టి గాని యంత్రాన్ని నమ్మదు. అలా లెక్కపెట్టడం నేర్పమని మా అమ్మమ్మే అడిగింది.

ఇదంతా రాసి నిన్న వరండాలో ఆవిడకు చదివి వినిపించాను. నలభై తొమ్మిది దగ్గర నా గొంతు తగ్గింది. ఆ ముక్క తీసేయమంటావా అని అడిగాను. ఆవిడ బెరడు కొట్టే సుత్తి ఆపకుండానే అంది:

"అది ఉంచు, చేపల సంగతి కొట్టెయ్. నాలుగో ఫారం దాకా చదివావుగా, యాభై చీటీలు పంచుతూ నలభై తొమ్మిదే ఉన్నాయని నీకెందుకు తెలియలేదు?"