పసుపు గోనెల కింద మామిడికాయలు

తెలుగులో పండడం వేరు, మాగడం వేరు. చెట్టుమీద పండేది పండు. కోసి, గడ్డిలో దాచి, ఓపికగా కాచుకుంటే మాగేది కాయ. ఈ రెండు క్రియలనూ కలగలిపి మాట్లాడితే నొచ్చుకునేవారు ఇంకా కొందరున్నారు. రాధాబాయి ఆ కొందరిలో లేదు. అయితే ఆ తేడా ఆమె భర్త ముత్తన్నకు చేతివేళ్లలో ఉండేది.

వాళ్ల ఇల్లు బోధన్ పొలిమేరలో. చెరుకు ఆడే కాలంలో అక్కడి గాలే తియ్యగా ఉండేదంటారు. గాలికి రుచి అంటగట్టడం కవుల పనే గాని, బోధన్‌లో ఆ మాట అక్షరాలా నిజం. అది వేరే కథ. చక్కెర ఫ్యాక్టరీ మూతపడి చెరుకు పోయాక ముత్తన్న పసుపు వేశాడు. పొలంగట్టున ఉన్న రెండు మామిడిచెట్లను మాత్రం కదిలించలేదు. ఏటా ఎండలు ముదరగానే కాయలు తెంపించి, తొడిమ దగ్గరి సొన కారేదాకా బోర్లించి, చివరి గదిలో వరిగడ్డి మీద పరచి, పైన పలచగా మళ్లీ గడ్డి వేసి, తన పాత బొంత కప్పేవాడు. ఆ బొంత ఎత్తి వాసన చూసే అధికారం అతనొక్కడిదే.

ఆ ఇంట ఒక కట్టుబాటుంది. అక్షయ తృతీయనాడు పోయిన పెద్దలకు మామిడిపండు పెట్టనిదే ఇంటివాళ్లెవరూ పండు నోటబెట్టరు. పెట్టేది కూడా ఇంట్లో మాగినదే కావాలి. అంగడి పండును మందు పెట్టి మాగేస్తారని ముత్తన్న దాన్ని గడప దాటనిచ్చేవాడు కాడు.

పోయిన దసరాకు ముందు ముత్తన్న కాలం చేశాడు. ఈ ఏడు పెద్దల వరుసలో అతనే కొత్తవాడు. అతని పేర మొదటిసారి పెట్టే పండు అతని పద్ధతిలోనే మాగాలని రాధాబాయి పట్టుబట్టింది. ఆమె రాయిలా ఉందని చుట్టాలు చెవులు కొరుక్కున్నారు. అతను పోయినప్పటి నుంచి పోపు వాసన కూడా ఆమెకు తెలియకుండా పోయిందన్న సంగతి వాళ్లకు తెలియదు. ఆమె చెప్పలేదు; చెప్పాలనిపించనూ లేదు.

కాయలు తెంపించింది, సొన కార్చింది, గడ్డి పరిచింది. బొంత కోసం చూస్తే లేదు. పోయినవారి పక్కబట్టలు ఇంట ఉంచరు గనుక అది ముత్తన్నతోపాటే వెళ్లిపోయింది. పసుపు కొమ్ములను నిజామాబాద్ మార్కెట్ యార్డులో పోసి తెచ్చిన ఖాళీ గోనెలు మూలన కనిపించాయి. వాటినే కప్పింది.

రోజూ పొద్దున్నే గోనె ఎత్తేది. ముక్కు పనిచేయలేదు గనుక కంటిని నమ్ముకుంది. కాయలు చాలా తొందరగా బంగారు రంగు తిరిగాయి. ఎవరినైనా పిలిచి వాసన చూడమని ఉంటే సరిపోయేది. ఆమె ఎవరినీ పిలవలేదు.

అక్షయ తృతీయనాడు కందకుర్తి నుంచి మరిది ఆత్మారాం వచ్చాడు. కోడలు సుమన కాయలను కడగడానికి నీళ్ల బకెట్లో వేసింది.

“అత్తమ్మా, గిటు సూడుండ్రి. రంగు ఎల్లిపోతున్నది!”

నీళ్లు పసుపెక్కాయి. గోనె ఎత్తినప్పుడల్లా రాలిన పసుపు, చెమర్చిన కాయలకు పట్టుకున్నదన్నమాట. ఆత్మారాం ఒకటి కోశాడు. లోపల తెల్లగా, కత్తికి కరకరలాడింది.

“వదినె, కాయలకు నలుగు వెట్టినవా ఏంది? పెండ్లి చేస్తవా వీటికి?”

సుమన నవ్వాపుకోలేక కొంగు అడ్డం పెట్టుకుంది. రాధాబాయి నవ్వలేదు, కసురుకోనూ లేదు.

“ఇంకో వారం మాగాలె. పండుగ ఆగుతదా?”

“యాడ ఆగుతది? బస్టాండు కాడికి పోయి తెస్త తియ్యి.”

“మీ అన్న అంగడి పండు ఎన్నడన్న ముట్టిండా? మొదటిపాలి పెట్టేది గదేనా?”

ఆత్మారాం కత్తి కింద పెట్టాడు.

“ముట్టలేదని నీకెవ్వలు చెప్పిండ్రు వదినె? బస్టాండు ఎదురుంగ ఓ మామిడిపండ్ల బండి ఉంటది. ఏటేట తింటుండె, ఉప్పు కారం చల్లిపిచ్చుకొని. ‘మీ వదినెకు చెప్పకురా, గడ్డిల పండవెట్టి నన్నే మాగేస్తది’ అంటుండె.”

“పండుగకు ముందుగాలనే?”

“ముందుగాలనే.”

సుమన నవ్వు ఆగిపోయింది. ఇటువంటి మాట విన్న భార్యకు రోషం రావాలి, లేదా దాచుకున్న దుఃఖమైనా బయటపడాలి. కథలు అలాగే అలవాటు చేశాయి మనకు. రాధాబాయిలో ఏదీ కదల్లేదు. బకెట్ తీసుకెళ్లి పసుపు నీళ్లు వాకిలి పక్కన పారబోసి వచ్చింది. ముత్తన్నకు పెట్టేది ముత్తన్న తినే పండై ఉండాలి. అదేదో ఇప్పుడు తెలిసింది, అంతే.

“ఆ బండి ఇంక ఉన్నదా?”

“ఉన్నది.”

“దాని మీదికెల్లే తే. కోయిపిచ్చుకొని తే.”

“ఉప్పు కారం గూడనా? పెద్దలకు పెట్టేదానికి?”

“ఏసుకొనే తింటుండె అన్నవు గద.”

ఆత్మారాం చెప్పులు వేసుకొని వెళ్లాడు. రాధాబాయి విస్తరాకు తుడిచి ముత్తన్న ఫొటో ముందు పరిచింది. గోడకు చేరగిలబడి, మరిది పండు తెచ్చేదాకా అక్కడే కూర్చుంది.