గులాబీ తల బాతుకు రాజుగారి సాక్ష్యం

బురదలో కాలు జారి పడని మనిషి కోనసీమలో ఉండడు. అందులో వింత లేదు, సిగ్గూ లేదు. కానీ మద్రాసు నుంచి ఒక పెద్దమనిషిని పిలిపించి, చూపు ఆనని ఒక మాష్టారిని, ఇస్త్రీ పంచెలో ఉన్న ఒక ఆసామిని వెంటబెట్టుకుని, అందరినీ ఒకేసారి, వారి వారి ఇష్టపూర్వకంగా, బురదలో బోర్లా పడుకోబెట్టిన ఘనుడు మాత్రం నాకు తెలిసి ఒక్కడే. ఆ ఒక్కడి గురించే చెప్పబోతున్నాను. మీరు నవ్వండి, నాకేం అభ్యంతరం లేదు. కాకపోతే ఇది చదివాక నా పేరు చెప్పి మా వాళ్ళ దగ్గర బాతుల ప్రస్తావన తేకండి.

డెబ్బయ్యో దశకం చివరి సంవత్సరాలు. నేను కొత్తపేటలో ఒక గవర్నమెంటు ఆఫీసులో గుమాస్తాని. పెళ్ళి కాలేదు, సైకిలుంది, సాయంత్రాలు ఖాళీ. ఇలాంటివాడు మామూలుగా పేకాటలోకైనా దిగాలి, నాటకాల్లోకైనా దిగాలి. నేను పిట్టల్లోకి దిగాను. దానికి కారణం దేవసహాయం మాష్టారు. హైస్కూల్లో సైన్సు చెప్పి రిటైరైన పెద్దాయన. ఆదివారం ఆరాధన అయ్యాక వాళ్ళింటి వరండాలో కూర్చుంటే, ఆ వారం ఎవరు ఏ పిట్టను చూశారో చెప్పాలి. ముఖ్యంగా వేసవి ముఖం చూపించే రోజుల్లో మా సభ మహా జోరుగా ఉండేది. శీతాకాలం గడపడానికి వచ్చిన పక్షులు మూటాముల్లె సర్దుకునే కాలం కదా. పరజలు వెళ్ళిపోయాయని ఒకరు, ఉల్లంకులు ఇంకా ఇసుకతిప్ప మీదే ఉన్నాయని ఒకరు, కోకిల గొంతు సవరించుకుందని మరొకరు. ఊళ్ళో వాళ్ళు మమ్మల్ని పిట్టల కమిటీ అనేవారు. మేము వినిపించుకునేవాళ్ళం కాదు.

మాష్టారిది ఒకటే ప్రశ్న. ఎవరు ఏం చెప్పినా కళ్ళజోడు పైకి నెట్టి, "చూసేవా, చూసేననుకున్నావా?" అనేవారు. దాంతో సగం పిట్టలు అక్కడే ఎగిరిపోయేవి. అరుదైన పక్షి అయితే ఇంకో సాక్షి కూడా ఉండాలి. ఈ పద్ధతి వల్లే ఆయన మాటకు దూరప్రాంతాల్లో విలువ ఉండేది. మద్రాసులో పక్షుల గురించి బాగా తెలిసిన ఒక పెద్దాయన ఉండేవాడు. మాష్టారు ఏళ్ళ తరబడి మా ఊరి రాకపోకలన్నీ ఆయనకు రాసేవారు. ఆయన కార్డు ముక్క మీద జవాబు రాసేవాడు. ఆ కార్డులు మాష్టారు బైబిల్లో దాచుకునేవారు.

ఆ ఏడాది మాష్టారి కళ్ళకు పొర కమ్మింది. ఎండలు ముదిరేలోగా కాకినాడలో ఆపరేషన్ అన్నారు. తర్వాత కూడా దూరపు చూపు రాకపోవచ్చన్నారు. అప్పుడు మాష్టారు ఒక ఆదివారం, మా కమిటీ మొత్తానికి ఉన్న ఒకే ఒక్క బైనాక్యులర్‌ను ఒళ్ళో పెట్టుకుని, "ఈస్టరు నాటికి దీన్ని మీలో ఒకరికి ఇచ్చేస్తానర్రా. ఎవరి కన్ను నమ్మదగిందో వాళ్ళకి," అన్నారు.

నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆ బైనాక్యులర్ మీద నాకున్న ఆశ ముందు, పెళ్ళికూతురి మీద పెళ్ళికొడుక్కి ఉండేది ఏపాటి ఆశ. కానీ నమ్మదగిన కన్ను అనగానే అందరి చూపూ సూర్యనారాయణరాజుగారి మీదకు వెళ్ళింది. పలివెల దగ్గర కొబ్బరితోటలు, వరిచేలు ఉన్న ఆసామి. పిట్టను చూస్తే చాలు, ముక్కు నుంచి తోక దాకా చెప్పగలరు. ఆయనకున్న లోపం ఒక్కటే. మర్యాద. పుట్టి బుద్ధెరిగాక ఎవరినీ కాదనలేదు. ఒకసారి మండపేట వెళ్దామని బయల్దేరి బస్టాండులో నిలబడితే, ఎవరో, "తమరూ రాజోలేనాండి?" అని ఆప్యాయంగా అడిగి సీటు ఆపారట. ఈయన "ఆయ్" అనేసి, రాజోలు దాకా వెళ్ళి, అక్కడ ఒక కాఫీ తాగి తిరిగొచ్చారు. ఈ సంగతి నాకు ముందే తెలుసు. తెలిసీ నేనేం చేశానో చూడండి.

దాళ్వా వరి, అంటే రెండో పంట, కోతలు మొదలైన రోజులు. తెల్లవారుతుండగా సైకిలేసుకుని పలివెల కాలవగట్టు మీద వెళ్తున్నాను. మంచుతెర ఇంకా విడలేదు. కోసేసిన ఒక పల్లపు చేలో నీళ్ళు నిలిచి ఉన్నాయి. ఆ నీళ్ళలో బాతులు. గోధుమరంగు ఒళ్ళు, గులాబీరంగు తలలు.

సైకిలు ఎటు పడిందో, నేనెటు పడ్డానో తెలియదు. మా మాష్టారి పక్షుల పుస్తకంలో గులాబీ తల బాతు బొమ్మ ఉంది. దాన్ని చూసినవాళ్ళెవరూ ఈ మధ్యకాలంలో లేరనీ, బహుశా భూమ్మీద లేకుండా పోయిందనీ బొమ్మ పక్కనే రాసి ఉంది. అలాంటిది నాకోసం పలివెల వచ్చి కూర్చుంది. ఒకటి కాదు, మంద. ఇంకొంచెం దగ్గరికి వెళ్ళి చూద్దామన్న ఆలోచన ఎవరికైనా వస్తుంది. నాకు రాలేదు. దగ్గరికెళ్తే ఎగిరిపోతాయేమోనని భయం. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళన్నాడు వెనకటికి ఒకడు. వాడు నయం, కుందేలునైనా పట్టుకున్నాడు.

ఇంక సాక్షి కావాలి. రాజుగారిల్లు అక్కడికి దగ్గరే. ఆయన కాఫీ గ్లాసు కింద పెట్టించి, దాదాపు చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి, కాలవగట్టు మీద నిలబెట్టాను.

"రాజుగారూ, తలలు గులాబీరంగే కదండీ?"

"ఆయ్. గులాబీయేనండి."

"మన ఊళ్ళో కనపడే బాతుల్లా లేవు కదండీ?"

ఆయన బాతుల వంక చూశారు. తర్వాత నా ముఖం వంక చూశారు. అప్పుడు నా ముఖం ఎలా ఉందో నేను ఊహించుకోగలను. లాటరీ తగిలినవాడు కూడా నా ముందు దిగులుగా కనిపించి ఉండేవాడు.

"మీకలా అనిపిస్తే అలాగేనండి," అన్నారు రాజుగారు.

"అయితే మీరు సాక్షండి."

"ఆయ్," అన్నారు, కొంచెం నెమ్మదిగా.

ఆదివారం వరండాలో నేను నోరు విప్పేసరికి అందరి చేతుల్లో టీ చల్లారిపోయింది. మాష్టారు కళ్ళజోడు పైకి నెట్టి అలవాటు ప్రశ్న వేశారు. చూసేనండి, రాజుగారు కూడా పక్కనే ఉన్నారండి, అన్నాను. మాష్టారు ఆయన వైపు తిరిగారు. "సత్యంగారు చూసేరండి, నేను పక్కనే ఉన్నానండి," అన్నారు రాజుగారు. ఇందులో ఒక్క అక్షరం అబద్ధం లేదని గమనించండి. ఆ రోజు మేమెవరం గమనించలేదు.

"ఎగిరేయా?" అన్నారు మాష్టారు.

అవి ఎగరలేదు. కనీసం రెక్క కూడా విప్పలేదు. కానీ బైనాక్యులర్ ఆయన ఒళ్ళోనే ఉంది. "ఎగిరేయండి," అన్నాను. అక్కడితో ఆగినా బాగుండేది. చూసి రమ్మంటే కాల్చి వచ్చే రకం కదా మనం. ఉత్తరదిక్కుగా బారు కట్టాయనీ, ఒక చుట్టు తిరిగి మళ్ళీ వాలాయనీ, ఎండ పడి ఆ తలలు మందారాల్లా మెరిశాయనీ చెప్పాను. రాజుగారు టీ తాగబోయి కప్పు దించేశారు. నా వర్ణనకు పులకించారనుకున్నాను.

మర్నాడు మాష్టారు మద్రాసుకు టెలిగ్రాం ఇచ్చారు. బయల్దేరుతున్నానని అట్నుంచి జవాబు వచ్చింది. ఇన్నేళ్ళూ కార్డు ముక్కతో సరిపెట్టిన మనిషి స్వయంగా వస్తున్నాడు. మాష్టారు ఆపరేషన్ వాయిదా వేసుకున్నారు. కొత్త చొక్కా కుట్టించుకున్నారు. "ఈ ఒక్కటీ నా కళ్ళతో చూస్తే చాలయ్యా," అన్నారు నాతో.

ఆ వారంలో రాజుగారు రెండుసార్లు మా ఆఫీసుకొచ్చారు. వచ్చి, కూర్చుని, ఎండల గురించి మాట్లాడి, టీ తాగి, చివరికి, "సత్యంగారూ, ఆ బాతులు..." అని మొదలుపెట్టేవారు. "ఉన్నాయి కదండీ?" అని నేను ఆత్రంగా అడిగేవాణ్ణి. "ఆయ్, ఉన్నాయండి," అని లేచి వెళ్ళిపోయేవారు. బైనాక్యులర్ చెయ్యి జారిపోతోందని పాపం బాధపడుతున్నారనుకుని లోలోపల జాలిపడ్డాను కూడా.

మద్రాసు పెద్దాయన రాజమండ్రిలో రైలు దిగి, రావులపాలెం మీదుగా బస్సులో వచ్చాడు. సన్నగా, తక్కువ మాట్లాడే మనిషి. తెల్లవారకుండానే అందరం రాజుగారింటికి చేరాం. అక్కడ ఉప్మా పెసరట్లు తినకుండా ఎవరూ గడప దాటడానికి వీల్లేదు. రాజుగారు కొసరి కొసరి వడ్డించారు. మూడోసారి కాఫీ పోయించారు. నాలుగోది కూడా తాగమన్నారు. ఆయన ఆలస్యం చేస్తున్నారని నాకు తట్టలేదు.

కాలవగట్టు దగ్గరికొచ్చాక నేను నాయకుణ్ణైపోయాను. నిలబడితే బెదిరిపోతాయి, అందరూ పడుకుని పాకాలి అన్నాను. మద్రాసు పెద్దాయన పడుకున్నాడు. మాష్టారు కొత్త చొక్కాతో పడుకున్నారు. రాజుగారు నా వంక ఒకసారి చూసి, మల్లెపువ్వులాంటి పంచెతో బురదలోకి వాలారు. మేం గట్టు అంచు దాకా పాకాం. బాతులు నేను వదిలిపెట్టిన చోటే ఉన్నాయి.

"నాకు సరిగ్గా కనపడట్లేదయ్యా. గులాబీగా ఏదో కదులుతోంది," అన్నారు మాష్టారు. 

మద్రాసు పెద్దాయన తన బైనాక్యులర్‌లోంచి చాలాసేపు చూశాడు. తర్వాత దాన్ని దించకుండానే, "వీటికి చెవుల మీదుగా కూడా రంగు కారిందే," అన్నాడు.

నాకు అర్థమయ్యేలోపల అవతలి గట్టు కింద నుంచి ఒకతను పొడుగాటి కర్రతో పైకి లేచాడు. నోటితో ఏదో పిలుపు పిలిచాడు. అన్ని గులాబీ తలలూ ఒక్కసారి అతని వైపు తిరిగి, బారు కట్టి, గునగునా నడుచుకుంటూ అతని వెనక చేరాయి. అతను మమ్మల్ని చూసి భయపడిపోయాడు.

"పక్క చేలో దిగిన మాట నిజమేనండి, గింజ ముట్టలేదండి బాబూ," అన్నాడు. అప్పుడు మా వరసలో చివరి మనిషిని గుర్తుపట్టాడు. "రాజుగారూ, తమరు కూడా పడుకున్నారేటండి? ఈ చేలో మేపుకోమని తమరేగదండీ చెప్పేరు?"

అందరం రాజుగారి వైపు తిరిగాం. ఆయన బురదలోంచే, "ఆయ్," అన్నారు.

మద్రాసు పెద్దాయన లేచి నిలబడి మోకాళ్ళు దులుపుకున్నాడు. తలలకి ఆ రంగేమిటని మందాయన్ని మెల్లగా అడిగాడు. నాలుగైదు మందలు ఒకేసారి చేలల్లో దిగుతాయనీ, కలిసిపోతే ఎవరి బాతు ఎవరిదో తేలదనీ, అందుకని మందకో రంగు తలలకి పూస్తామనీ అతను చెప్పాడు. మా ముఖాలు చూసి ఏదో కొరత పడిందనుకున్నట్టున్నాడు. "మా బావ మంద నీలం తలలండి. ఆ వంతెన అవతల ఉన్నాయండి. అవి కూడా చూస్తారాండి?" అన్నాడు.

"ఇవి ఎగురుతాయా?" అన్నాడు మద్రాసు పెద్దాయన. అడిగింది అతన్ని, చూసింది నన్ను.

"ఎగిరితే వీటెనకాల నేనెందుకు నడుస్తానండి?"

అప్పుడు భూమి చీలితే బాగుండుననుకున్నాను. కోనసీమ నేల మెత్తన, అయినా చీలలేదు.  మాష్టారు కళ్ళజోడు తీసి, కొత్త చొక్కా అంచుతో తుడుస్తున్నారు. బురద చొక్కా కావడంతో అద్దాలు ఇంకా మసకబారుతున్నాయి. ఏళ్ళ తరబడి ఒక్క కాకిని కూడా ఎక్కువ చెప్పకుండా కూడబెట్టుకున్న మాటను నేను ఒక్క వారంలో తగలేశాను. నాకు ఏడుపొచ్చింది. ఏడ్చాను కూడా, కానీ ముఖం నిండా బురద ఉండడం వల్ల ఎవరికీ తెలియలేదు.

"రాజుగారూ, మీకు తెలుసు కదా. ఒక్క మాట చెప్పొచ్చుగా," అన్నారు మాష్టారు చివరికి.

రాజుగారు ఎప్పుడూ మాట్లాడనంత మాట్లాడారు. "మొదటి రోజు సత్యంగారు అంత సంతోషంగా ఉన్నారండి. పొద్దున్నే గుమ్మంలోకొచ్చిన మనిషిని కాదనడం బాగోదని ఊరుకున్నానండి. నాల్రోజుల్లో ఆయనకే తెలుస్తుందనుకున్నాను. ఈలోగా తమరు నమ్మేరు. పెద్దవారు నమ్మేక నేను కాదంటే ఏం మర్యాదండి? ఇంతలో మద్రాసు వారు బయల్దేరేరు. దార్లో ఉన్న చుట్టాన్ని రావద్దనడం మా ఇంటా వంటా లేదండి."

 మద్రాసు పెద్దాయన నవ్వడం మొదలుపెట్టాడు. ఆ మనిషిలో అంత నవ్వు ఉందని ఎవరూ అనుకోరు. కాలవగట్టు మీద చతికిలబడి, కళ్ళు తుడుచుకుని, మాష్టారి భుజం మీద చెయ్యి వేశాడు. "మాష్టారూ, ఇన్నేళ్ళ మీ ఉత్తరాల్లో తప్పు వెతికాను, దొరకలేదు. ఇవాళ దొరికింది, అదీ మీరు కళ్ళతో చూడకుండా రాసింది. ఇప్పుడు నాకు మిగతావన్నీ నిజమేనన్న నమ్మకం ఇంకా పెరిగింది. ఉత్తరాలు ఆపకండి," అన్నాడు. మాష్టారు కళ్ళజోడు పెట్టుకున్నారు. ఆ పూట భోజనం కూడా రాజుగారింట్లోనే. బాతుగుడ్ల పులుసు వడ్డిస్తుంటే నేను మజ్జిగన్నంతో సరిపెట్టుకున్నాను.

ఈస్టరు వచ్చింది. మాష్టారు వరండాలో అందరి ముందూ బైనాక్యులర్‌ను రాజుగారి చేతుల్లో పెట్టారు. బాతులను చూసిన మొదటి క్షణంలోనే పెంపుడు బాతులుగా గుర్తించిన కన్ను ఆయనది ఒక్కటేనని చెప్పారు. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను, మనస్ఫూర్తిగానే. కానీ కళ్ళు మాట వినవు కదా, ఆ తోలు పట్టీ వెంటే పోయాయి.

వీధి మలుపు దాకా నాతో నడిచొచ్చాక రాజుగారు ఆగారు. మెడలోంచి బైనాక్యులర్ తీసి నా మెడలో వేశారు. నేను వద్దన్నాను. ఆయన నొచ్చుకున్నారు.

"మీరంత ఆశగా చూస్తుంటే నేను ఉంచుకోవడం బాగోదండి. మాష్టారు ఇస్తుంటే అక్కడ కాదనలేకపోయేనండి," అన్నారు.

అదిగో, అలా నన్ను ముంచిన మర్యాదే నన్ను గట్టెక్కించింది. నా గుండె నిండిపోయింది. ఆ వీధి మలుపులోనే, బైనాక్యులర్ మీద చెయ్యి వేసి, సూర్యుడి సాక్షిగా, రాజుగారి సాక్షిగా ప్రతిజ్ఞ చేశాను. ఈ జన్మలో దగ్గరికి వెళ్ళి చూడకుండా ఏ పక్షికీ పేరు పెట్టను. ఎగరనిదాన్ని ఎగిరిందనను. గోదావరి జిల్లా మనిషి ఔనన్నంత మాత్రాన దేన్నీ నమ్మను.

"ఇంక నేను జన్మలో ఇలాంటి పొరపాటు చెయ్యను కదండీ, రాజుగారూ?"

రాజుగారు నా ముఖం వంక చూశారు.

"ఆయ్," అన్నారు. "చెయ్యరండి."