ఫాంటు ఒక్కటి మర్చిపోయిన

స్క్రూలు లేని కంప్యూటర్‌ను నేను కంప్యూటర్ అనను. ఇప్పుడు లాప్‌టాపులన్ని బంక పెట్టి అతికిస్తున్రు. బ్యాటరీ ఉబ్బితె మూత ఊడదీసెటందుకు వేడిగాలి కొట్టుకుంట కూసోవాలె. మెమరీని బోర్డుకే టంకం కొట్టి పంపుతున్రు, అది పోతె బోర్డు మొత్తం పోయినట్టే. మూత తియ్యరాని వస్తువు నీదెట్లయితది? నిజామాబాద్‌ల నా రిపేర్ దుకాణంకు వచ్చిన ప్రతి మనిషికి ఈ మాట చెప్తుంట. వినెటోళ్లు తక్కువ. "గవన్ని సరే గని అన్నా, ఎప్పటికి అయితది చెప్పు" అంటరు.

సాఫ్ట్‌వేర్ సంగతి ఎత్తితె నాకు ఇంకింత కోపమొస్తది. దొంగ కాపీ వేయించుకుంటరు, ఆర్నెల్లకు వైరస్ వచ్చిందని మల్ల నా దగ్గరికే మోసుకొస్తరు. పైస కట్టకుంట ఫుకట్‌ల దొరికే సిస్టం ఒకటున్నది, హక్కుగ వాడుకోవచ్చు, లోపల ఏమున్నదో ఎవరన్న విప్పి చూసుకోవచ్చు అని చెప్తె నా మొకం దిక్కు అనుమానంగ చూస్తరు. ఫుకట్‌ల వచ్చేది మంచిగెందుకు ఉంటదని వాళ్ల అనుమానం. దొంగ కాపీ మీద మాత్రం ఆ అనుమానం రాదు. ఇరవై ఏండ్ల సంది ఇదే లొల్లి, నేను మారలే, వాళ్లు మారలే.

గింత మాట్లాడెటోన్ని, నేను చేసిన పని చెప్తె నవ్వుతరు.

బోధన్‌ల ఒక అక్క ఉన్నది. సొంత అక్క గాదు, పనిల పరిచయం. తహసీల్ ఆఫీసు ఎదురుంగ ఆమెది టైపు, జిరాక్స్ దుకాణం. ఆమె తల్లి రుద్రూర్ దిక్కు చెరుకు చేన్లల్ల కూలి చేసిన మనిషి. చెరుకు నరికెటప్పుడు ఒక పాట, పసుపు ఉడకబెట్టెటప్పుడు ఒక పాట, పనికో పాట ఉండేది ఆ అవ్వకు. ముసలితనంల బిడ్డ దుకాణంలనే ఒక మూలకు కుర్చీ ఏస్కోని కూసునేది. గిరాకీ లేని పొద్దు అవ్వ పాడేది, అక్క టైపు కొట్టేది. ఫోన్‌ల రికార్డు చేద్దామంటె అవ్వ ఆ డబ్బ ముంగట నోరు తెరవకపోయేది. గట్ల రెండేండ్లు నడిచింది. అవ్వ పోయి ఇప్పటికి మూడేండ్లు. పాటలు అక్క కంప్యూటర్‌ల తప్ప ఇంకెక్కడ లేవు. ప్రింటు తీస్త తీస్త అనుకుంటనే ఆమె తియ్యలే.

ఆ కంప్యూటర్ బాగ నెమ్మదైందని అక్క ఫోన్ చేసింది. నేను పోయిన. దొంగ కాపీ పీకేసి ఓపెన్ సిస్టం ఏస్త, పాత మిషిన్‌ సుత ఉరుకుతదని చెప్పిన. ఆమె ఒక్కటే అడిగింది, "మా అమ్మ పాటలు పోవు గద తమ్మీ?"

"గింజంత పోదక్కా" అన్న.

ఫైళ్లన్ని పెన్‌డ్రైవ్‌ల ఎక్కించిన. ఒక్కసారి గాదు, రెండుసార్లు లెక్క చూసుకున్న. డిస్క్ మొత్తం తుడిచి కొత్త సిస్టం ఏసిన. పాటల ఫైలు తెరిస్తె తెరనిండ ఇంగ్లీషు అక్షరాలు, బ్రాకెట్లు, డాలర్ గుర్తులు. తెలుగు ఒక్క ముక్క లేదు.

సంగతేందంటె, పాత తెలుగు ఫాంట్లతోని కొట్టిన ఫైలు లోపల తెలుగు ఉండదు. ఇంగ్లీషు గుర్తులే ఉంటయి. ఫాంటు వాటి మీద తెలుగు ముసుగు ఏస్తది. ఫాంటు లేకుంటె ముసుగు ఊడినట్టే. ఏ కంప్యూటర్‌ల అయినా తెలుగు తెలుగులెక్కనే ఉండే యూనికోడ్‌కు మారున్రి, లేకపోతె రేపు మీ రాత మీకే అర్థం గాదని లోకానికంత చెప్పేది నేనే. ఫాంట్లు సిస్టం ఫోల్డర్‌ల ఉంటయని తెలిసినోన్ని నేనే. ఫైళ్లు దాపెట్టి ఫాంటు మర్చిపోయింది సుత నేనే. చెప్పేటియి శ్రీరంగ నీతులని ఊరికె అనలే.

బజార్ల దొరికే ఫాంటయితె ఇంకో దగ్గర తెచ్చి పెట్టేటోన్ని. ఇది దొరికేది గాదు. అక్క చిన్నప్పుడు టైపు ఇన్‌స్టిట్యూట్‌ల తెలుగు మిషిన్ మీద నేర్చుకున్నది. కంప్యూటర్ వచ్చినంక కొత్త మీటల వరుస ఆమె చేతి ఏళ్లకు ఎక్కలే. బోధన్‌ల టైపు మిషిన్లు బాగు చేసే చాచా ఒకాయన ఉండె. అక్క కోసమని కూసోని, ఒక ఫాంటుల అక్షరాలన్ని ఒక్కొక్కటి జరిపి, పాత మిషిన్ వరుసల పెట్టిచ్చిండు. తలకట్టు ఒక మీట, కొమ్ము ఒక మీట, అన్ని ఆయన వరుసనే. ప్రపంచంల ఆ ఫాంటు రెండు దగ్గర్లనే ఉండె. ఒకటి చాచా కంప్యూటర్‌ల. చాచా పోయినంక అది పాత సామాన్ల కబాడీకి పోయింది. రెండోది అక్క కంప్యూటర్‌ల. అది నేను తుడిచిన.

కుడితిల పడ్డ ఎలుక లెక్కయింది నా పని. కొంచెం సెట్టింగ్ పని ఉన్నదని అబద్ధం చెప్పి డిస్క్ తీస్కోని నిజామాబాద్ వచ్చిన. తుడిచిన డిస్క్ నుంచి ఫైళ్లు వెతికే ప్రోగ్రాములు నాకు తెలిసినయన్ని నడిపిన. కొత్త సిస్టం సరిగ్గ ఆ జాగ మీదనే కూసున్నది. ఫాంటు పేరు దొరికింది గని లోపల ఏం లేదు. తొమ్మిది రోజులు అక్క ఫోన్ చేస్తె నేను ఎత్తలే. పదో రోజు పొద్దుగాల డిస్క్ పట్టుకోని బస్సెక్కి బోధన్ పోయి, ఉన్నదున్నట్టు చెప్పిన.

అక్క తిట్టలే. తిడితె బాగుండు అనిపించింది. "పాటలు ఉన్నయా, లేవా?" అని అడిగింది.

"ఉన్నయక్కా. చదవరాదు."

"గట్లంటె లేనట్టే గద" అన్నది. ఎవరిదో అర్జీ జిరాక్స్ తీసుకుంట, నా దిక్కు చూడకుంటనే అన్నది. నాకు సిగ్గనిపించింది.

ఏ గుర్తు ఏ అక్షరమో పట్టీ దొరికితె ఫైలంత తెలుగుల మార్చెయ్యొచ్చు. ఆ పట్టీ ఎక్కడుంటదని ఆలోచించుకుంట ఆమె బల్ల మీదున్న కీబోర్డు దిక్కు చూసిన. ఫాంటు పోయింది గని అక్క చేతి ఏళ్లు పోలే. "అక్కా, 'మ' ఏ మీట?" అని అడిగిన. ఆమె చెయ్యి గాల్ల ఆగింది. "ఏమో తమ్మీ, అడిగితె చెప్పరాదు. కొడితె వస్తది" అన్నది.

డిస్క్ మల్ల బిగించి, ఆనాటి పేపరిచ్చి, మార్కెట్ యార్డుల పసుపు వార్త కొట్టుమన్న. రెండు మాటలు కొట్టి ఆగిపోయింది. తెర మీద పిచ్చి గుర్తులు కనవడుతుంటె ఆమె ఏళ్లు తడబడ్డయి. మానిటర్ బంద్ చేసిన. "ఇన్‌స్టిట్యూట్‌ల గిట్లనే మీటల మీద అట్ట కప్పి నేర్పేటోళ్లు" అన్నది. ఇగ ఆగలే. పసుపు వార్త అయింది, వానల వార్త అయింది, ఆఖరికి పెండ్లి ప్రకటనలు సుత కొట్టింది. ఆ కాయితం ఒక దిక్కు, ఆమె కొట్టింది ఒక దిక్కు పెట్టుకోని నేను అక్షరానికి అక్షరం జత చేసుకుంట కూసున్న. పేపర్ల రాని వత్తులు కొన్ని మిగిలితె, ఆ మాటలు నేను చెప్పిన, ఆమె కొట్టింది. ఇంత పని నేను ఎన్నడు ఏ కంపెనీ మిషిన్‌తోని చేయించలే.

మధ్యాన్నం మూడు దాటినంక ఫైలు మీద నా పట్టీ నడిపిన. పాటలు తెలుగుల తెరుచుకున్నయి. అక్క కుర్చీ దగ్గరికి జరుపుకోని ఒక్కొక్కటి చదివింది. కొన్ని ఆమెకు నోటికొస్తయి, కొన్ని మర్చిపోయింది. పెదవులు కదులుతున్నయి. నేను తప్పులు చూస్తున్నట్టు నటిస్తున్న. నిజానికి నాకు అక్షరాలు సరిగ్గ కనవడుతలేవు, కండ్లల్ల నీళ్లున్నయి.

ఒక పసుపు పాట నడిమధ్యల పాట గాని వరుస ఒకటి వచ్చింది. నేను నా పట్టీ తప్పిందనుకున్న. తప్పలే. ఆ దినం అవ్వ నోటెంట ఏ మాట వస్తె ఆ మాట అక్క ఏళ్లు కొట్టుకుంట పోయినయి, పాట ఎక్కడాగిందో చూసుకోలే. అవ్వ పాట ఆపి బిడ్డతోని అన్న మాట సుత ఫైల్ల పడ్డది.

"ఇగ సాలు తియ్ బిడ్డా. పొద్దటి సంది ఏం తినలే నువ్వు."

అక్క ఆ వరుస రెండుసార్లు చదివింది. తెర దిక్కే చూసుకుంట, మెల్లగ, "తింట తియ్యమ్మా" అన్నది.