లెక్కలోకి రాని టర్మ్

నలభై దాటాక టోన్యా హ్రుస్కాకి చదువు మీద మనసు పుట్టిందని ఊళ్లో అనుకున్నారు. పుట్టింది మనసు కాదు, కోపం. అమెరికాలో, అయోవా రాష్ట్రంలోని ఆ చిన్న ఊరి వృద్ధాశ్రమంలో ఆమె సహాయకురాలు. ముసలివాళ్లని లేపొచ్చు, స్నానం చేయించొచ్చు, తినిపించొచ్చు. మాత్ర మాత్రం ఇవ్వకూడదు, అది నర్సు పని. ఆ చలికాలం ఒక పెద్దాయన తుంటి నొప్పి తట్టుకోలేక ఆమె చెయ్యి పట్టుకుని మాత్ర ఇమ్మని పసివాడిలా ఏడ్చాడు. నర్సు అటువైపు ఎవరో పడిపోతే అక్కడ చిక్కుకుపోయింది. మాత్రల బండి ఎదురుగానే ఉంది, తాళంతో. నర్సు వచ్చేదాకా టోన్యా ఆయన చెయ్యి నిమురుతూ నిలబడింది. ఇంటికొచ్చి బూట్లయినా విప్పకుండా కాలేజీకి ఫోన్ చేసింది.

ఆ కాలేజీలో ఎవరైనా చేరొచ్చు, కాదనేవాళ్లు లేరు. నర్సింగ్ సీటు దగ్గరకొచ్చేసరికి మాత్రం పాత గ్రేడ్ల సగటు చూస్తారు. ఏ కోర్సు తీసుకోవాలో, ఏ క్రెడిట్ దేనికి పనికొస్తుందో పిల్లలకి చెప్పే ఉద్యోగం లవోన్ బీటీది. పొద్దుతిరుగుడు గింజలు నములుతూ, చెప్పాల్సింది మొహం మీదే చెప్పే మనిషి. కంప్యూటర్ తెర టోన్యా వైపు తిప్పి, ఇదివరకు ఇక్కడ చదివావు కదమ్మా అంది.

చదవలేదండీ, మధ్యలో మానేశాను అంది టోన్యా.

"మానేస్తున్నానని ఎవరికైనా చెప్పావా?"

"రావడం మానేస్తే తెలీదా అండీ? వాళ్లే పేరు తీసేస్తారనుకున్నా."

ఆ చుట్టుపక్కల సగం మంది అనుకునేది ఇదే. కాలేజీ ఏమన్నా సినిమా హాలా, మధ్యలో లేచొచ్చేస్తే ఊరుకోవడానికి? గడువులోగా పేరు తీయించుకోకపోతే ఆ కోర్సు ఫెయిలయినట్టే. జీవశాస్త్రం, లెక్కలు, సమాజశాస్త్రం మూడూ ఫెయిల్. నాలుగోది, వ్యాసాలు రాయించే రచన తరగతి. అందులో 'ఏ' గ్రేడ్, అన్నిటికన్నా పైది.

ఆమె పంతొమ్మిదేళ్లప్పటి సంగతి అది. కోతల కాలంలో తమ్ముడు లైల్ గడ్డకట్టిన మొక్కజొన్నని పొడవడానికి గాదెలోకి దిగి, జారిన గింజల కింద కూరుకుపోయి చనిపోయాడు. ఆ తర్వాత ఆమె ఎక్కడికెళ్లినా జనం గొంతు తగ్గించి మాట్లాడేవాళ్లు. రచన తరగతిలో మాత్రం ఆమె ఎవరో ఎవరికీ తెలియదు. అందుకే అదొక్కటే మానలేదు. రైళ్ల గురించి, మంచు గురించి, పక్కింటి కుక్క గురించి రాసింది. లైల్ మాట ఒక్క వాక్యంలోనూ రానివ్వలేదు. ఆ గ్రేడ్ కాగితాన్ని వాళ్లమ్మ ఫ్రిజ్ మీద అంటించింది. ఆ ఏడాది ఆ ఇంట్లో సంతోషపడటానికి ఇంకేముంది గనక!

లవోన్ దారి చూపించింది. పాత టర్మ్‌ని అంటే ఆ నాలుగు నెలల చదువుని, సగటు లెక్కలోంచి మాఫీ చేసే నియమం ఒకటుంది. చేయించుకుని, వేసవిలో రచన, జీవశాస్త్రం మళ్లీ చదివి మంచి గ్రేడ్లు తెచ్చుకుంటే జనవరి సీటుకి దరఖాస్తు పెట్టుకోవచ్చు.

"రచన మళ్లీ ఎందుకండీ? అది పాసయ్యాను కదా. ఆ మూడూ తీసెయ్యండి, ఇది ఉంచండి."

"అలా ఏరుకోవడం కుదరదు తల్లీ. మాఫీ అంటే టర్మ్ మొత్తానికీ. ఆ 'ఏ' గ్రేడ్ కూడా లెక్కలోకి రాదు."

కావాలంటే ఇంకో దారి కూడా ఉందట, ఫెయిలయినవి ఒక్కొక్కటే మళ్లీ చదవడం. ఉద్యోగం చేసుకుంటూ అంటే రెండేళ్ల పైమాటే. టోన్యాకి ఒళ్లు మండింది. ఆ శరత్కాలమంతా తను నిలబడి చేసిన పని అదొక్కటే, దాన్నీ లాక్కుంటారా? ఆలోచించుకుని చెబుతానని లేచొచ్చేసింది.

మర్నాడు ఆశ్రమంలో ఆ పెద్దాయన గది ఖాళీగా ఉంది, రాత్రే పోయాడట. దుప్పట్లు తీసి మంచం తుడిచింది. ఆ మధ్యాహ్నమే కాలేజీకి వెళ్లి మాఫీ కాగితం మీద సంతకం పెట్టింది. లవోన్ గింజల డబ్బా ఇటు జరిపింది.

వేసవిలో రచన తరగతి నిండా ఆమె కూతుళ్ల ఈడు పిల్లలే. పాఠం చెప్పే అమ్మాయి కూడా చిన్నదే. మీకు బాగా తెలిసిన మనిషి గురించి ఇక్కడే కూర్చుని రాయండి అంది. పక్కింటి కుక్కలూ మంచూ ఇక పనికిరావని టోన్యాకి అర్థమైంది. లైల్ అని రాసింది. వేరుశనగ ముద్ద పూసిన బ్రెడ్ మధ్యలో ఊరగాయ దోసకాయ పెట్టుకు తినేవాడని రాసింది. తన కారు అడక్కుండా తీసుకెళ్లి పెట్రోలు అడుగంటించి తెచ్చేవాడనీ, తను తిడితే నవ్వేవాడనీ రాసింది. ఆ నవ్వు ఎలా వినిపించేదో రాయబోయి ఆగిపోయింది. ఎంత తడుముకున్నా గొంతు గుర్తుకు రాలేదు.

నా తమ్ముడి గొంతు మర్చిపోయాను అని రాసి, టోన్యా అంతమంది పిల్లల మధ్య తల దించుకోకుండా ఏడ్చింది. పంతొమ్మిదేళ్లప్పుడు ఆమె ఆ తరగతికి వచ్చింది, ఏడవకుండా ఉండటానికి.