స్వామికి అప్పజెప్పిన జబ్బు

ఇది ముందే రాయాల్సింది. నాకు రాయడం అంతగా రాదు, అందుకే రాయలేదు. చిన్నప్పుడు మా అమ్మానాన్నలు నన్ను బడికి బదులు పత్తి చేలోకి పంపారు. పక్కింటి పంతులమ్మ రిటైరయ్యాక సాయంత్రాలు మాలాంటి ఆడవాళ్ళను వరండాలో కూర్చోబెట్టి అక్షరాలు నేర్పింది. అప్పటికి నా జుట్టు సగం నెరిసింది. అక్షరాలు వచ్చాక కూడా రాయకపోవడానికి ఇంకో కారణం ఉంది. ఎవరి సాయమూ లేకుండా మొదటి నుంచి చివరిదాకా నేను చదివిన మొదటి సంగతి ఫోన్‌లో వచ్చిన ఒక మెసేజ్. అది చదివాక చాలా కాలం పెన్ను పట్టబుద్ధి కాలేదు.

నేను చదువు మొదలుపెట్టినప్పుడు మా ఆయన ఉన్నాడు. చిల్లకల్లు స్టాపులో నిలబడితే బస్సు బోర్డు నాచేత చదివించేవాడు.

"కలెక్టరమ్మా, అదేం బస్సో చెప్పు."

"నం... ది... గా..."

"నువ్వు చదివేలోపు అది నందిగామ చేరుద్ది. మనం ఎక్కేది ఎప్పుడే?"

పక్కనున్న వాళ్ళు నవ్వేవాళ్ళు. నేనూ నవ్వేదాన్ని.

అంతకు కొన్నేళ్ళ ముందు ఆయనకు గుండెనొప్పి వచ్చింది. విజయవాడ తీసుకెళితే గుండెలో స్టెంటు వేసి పంపారు. బతికి బయటపడితే నీ దగ్గరికి నడిచి వస్తామని పరిటాల ఆంజనేయస్వామికి మొక్కుకున్నాను. ఆయన తేరుకున్నాక నందిగామ దాకా బస్సులో వెళ్ళి అక్కడినుంచి హైవే పక్కన మెల్లగా నడిచాం. ఆ పెద్ద విగ్రహం కనపడగానే ఆయన చెప్పులు విడిచి చేత పట్టుకున్నాడు. కొబ్బరికాయ కొట్టాడు.

మా ఇళ్ళల్లో ఒక పద్ధతి ఉంది. మొక్కు తీర్చాక ఆ జబ్బు పేరు ఎత్తకూడదు. అది స్వామికి అప్పజెప్పినట్టు. మళ్ళీ పేరెత్తితే ఇచ్చింది వెనక్కి అడిగినట్టేనని మా అత్తగారు చెప్పేది. ఆ రోజు నుంచి మా ఇంట్లో ఆ మాట లేదు. రోజూ వేసుకునే గుండె మాత్రల్ని ఆయన బలానికి మాత్రలనే అనేవాడు. నేనూ అలాగే అనేదాన్ని. చుట్టాలు ఒంట్లో ఎలా ఉందని అడిగితే స్వామి దయ అనేవాళ్ళం.

తర్వాత జగ్గయ్యపేటలో ఒక ఏజెంటు దగ్గర ఆయన జీవిత బీమా కట్టాడు. కాగితాల పనేమీ లేదు. ఏజెంటు పలక లాంటి ఫోన్ ఒకటి ఆయన ముందు పెట్టాడు. ఆధార్ నంబరు కొట్టాడు. ముఖం చూపించమని, కళ్ళార్పమని ఫోనే చెప్పింది.

"బతికున్నానో లేదో చూస్తందంట," అని మా ఆయన నా వంక చూసి కావాలని రెండు కళ్ళూ టపటపలాడించాడు. అద్దం మీద వేలితో సంతకం చేశాడు. ఏజెంటు జబ్బుల సంగతి అడగలేదు, మేము చెప్పలేదు.

మరుసటి ఏడాది మిరపకాయల కళ్ళంలో గోతం ఎత్తబోతూ ఆయన కూలబడ్డాడు. జగ్గయ్యపేట ఆసుపత్రి గుమ్మం దాకా కూడా ప్రాణం నిలవలేదు.

మిర్చి పెట్టుబడికి తెచ్చిన అప్పు తీర్చడానికి నల్లరేగడి చేను అమ్మక తప్పదని మా మరిది అన్నాడు. ముక్త్యాల వైపు నుంచి ఒకాయన అడుగుతున్నాడు కూడా. బీమా వస్తే చేను నిలుస్తుంది, ఆగమన్నాను. మరిది ఆగాడు. చేను అడిగినాయనా ఆగాడు. నేను క్లెయిము పెట్టుకుని ఫోన్ చూసుకుంటూ కూర్చున్నాను.

మెసేజ్ తెలుగులోనే వచ్చింది. వాకిట్లో కూర్చుని వేలు పెట్టి చదివాను. 'ఆరోగ్య సమాచారం దాచినందున మీ క్లెయిము తిరస్కరించబడినది.' చివరి మాట కూడబలుక్కోవడానికి చాలాసేపు పట్టింది. 'దాచినందున' మాత్రం ఒక్కసారికే వచ్చేసింది. ఆయన జీవితంలో ఏదీ దాచిన మనిషి కాదు. గొడ్డును అమ్మితే అది తన్నుతుందని కూడా చెప్పి అమ్మేవాడు. డబ్బు సంగతి కంటే ముందు నాకు ఆ మాటే గుచ్చుకుంది.

మరిదిని తోడు తీసుకుని నందిగామలో వాళ్ళ ఆఫీసుకి వెళ్ళాను. అక్కడి ఆఫీసరు నాకు కొడుకు వయసువాడు. కుర్చీ వేయించాడు, టీ తెప్పించాడు. కసిరి పంపిస్తాడనుకుని వెళ్ళాను. అతని మంచితనం చూశాక గొంతు పెంచబుద్ధి కాలేదు.

"ఆయన ఏదీ దాచలేదు బాబూ. ఏజెంటు అడగనే లేదు," అన్నాను.

"ఏజెంటు అడక్కపోయినా కంపెనీ అడిగిందమ్మా. ఇదివరకు ఏజెంట్లు వాళ్ళకి తోచింది రాసేసి జనాన్ని ముంచేవాళ్ళు. అందుకని రూల్ పెట్టారు. పాలసీ ఇచ్చే ముందు కస్టమర్‌కి మేమే ఫోన్ చెయ్యాలి, వాళ్ళ భాషలోనే అడగాలి, రికార్డు చేసి దాచిపెట్టాలి. ఇదంతా మీ మేలు కోసమేనమ్మా. పాలసీ తీసుకున్న కొద్ది కాలానికే పోతే విచారించాలి కూడా. ఆధార్‌తో వెతికితే విజయవాడ ఆసుపత్రి రికార్డు బయటికొచ్చింది."

"ఆ ఫోన్‌లో ఏం మాట్లాడాడో వినొచ్చా?"

"వినొచ్చు. అది మీ హక్కే."

ఇయర్ ఫోన్లు నా చెవుల్లో పెట్టాడు. ముందు బోరు మోటారు చప్పుడు వినపడింది. తర్వాత ఒక ఆడపిల్ల గొంతు, ఆ వెంటనే మా ఆయన గొంతు. పేరు, ఊరు, నేను ఆయనకి ఏమవుతానో, అన్నీ హుషారుగా చెబుతున్నాడు. మధ్యలో దూరంగా నా గొంతు కూడా ఉంది.

"ఏవయ్యా, అన్నం చల్లారిపోతంది. ఎవరితో ఆ కబుర్లు?"

"మా ఆవిడ కేకేస్తందమ్మా, కానియ్యి," అన్నాడు ఆ పిల్లతో.

"మీకు ఇంతకుముందు గుండె, షుగరు, కిడ్నీ లాంటి జబ్బులు ఏమైనా ఉన్నాయా సార్? ఆసుపత్రిలో చేరారా?"

మోటారు చప్పుడు మాత్రమే వినపడుతోంది.

"స్వామి దయమ్మా."

"అలా కాదు సార్. ఉన్నాయా, లేవా? ఏదో ఒకటే చెప్పాలి."

"లేవమ్మా."

"థాంక్యూ సార్."

ఇయర్ ఫోన్లు తీసి బల్ల మీద పెట్టాను. జబ్బు పేరెత్తకుండానే పరిటాల మొక్కు సంగతంతా ఆ ఆఫీసరుకి చెప్పాను. మాట ఎందుకు ఎత్తకూడదో చెప్పాను. అతను తల దించుకుని విన్నాడు.

"మా అమ్మా ఇంతేనమ్మా. మా నాన్న ఆపరేషన్ సంగతి నాతోనే చెప్పనివ్వదు. నాకు అర్థమైంది. కానీ..." అంటూ కంప్యూటర్ తెర నా వైపు తిప్పాడు. "ఇందులో ఉన్నాయి, లేవు అని రెండే ఉంటాయి. స్వామి దయ అని నొక్కడానికి చోటు లేదు."

"ఇంకెవరికైనా చెప్పుకోవచ్చా?"

"పైన బీమా ఫిర్యాదులు చూసే అంబుడ్స్‌మన్ ఉన్నారు. అర్జీ నేనే రాసిపెడతా. కానీ మీ దగ్గర అబద్ధం ఎందుకు, అక్కడికి కూడా ఈ రికార్డింగే వెళుద్ది."

అర్జీ వద్దన్నాను. ఆ గొంతు ఇంకొకరు విని, ఇంకొకరు 'దాచాడు' అని రాయడం నేను భరించలేను. ఎవరినైనా తప్పు పట్టగలిగితే తిట్టి మనసు తేలిక చేసుకునేదాన్ని. ఆ పిల్ల అడగాల్సింది అడిగింది. ఆఫీసరు చూపించాల్సింది చూపించాడు. రూల్ మా కోసమే పెట్టారు. మా ఆయన స్వామికిచ్చిన మాట నిలబెట్టుకున్నాడు. అందరూ సరిగ్గానే చేశారు, మా చేను పోతోంది.

తిరుగు బస్సులో మరిది కిటికీ వైపు చూస్తూ అన్నాడు. "నోరు తెరిచి ఒక్క ముక్క చెబితే పోయేదిగా. ఆ మొక్కు మన కొంప తీసింది వదినా."

"చెబితే పాలసీ ఇచ్చేవాళ్ళా?"

బస్సు జగ్గయ్యపేట వైపు పోతోంది. ఇన్నాళ్ళూ ఎవరూ ఎత్తని ఆ జబ్బు సంగతి కంపెనీ కంప్యూటర్‌లో, మెసేజ్‌లో, మరిది నోట్లో, అన్నిచోట్లా ఉంది. స్వామికి ఇచ్చింది వెనక్కి వచ్చేసిందనిపించింది. ఏడుపు రాలేదు.

మర్నాడు పొద్దున్నే ముక్త్యాల వైపు ఆయన చేను చూడ్డానికి వచ్చాడు. మరిది, నేను గట్టు మీద నిలబడ్డాం. ఆయన వంగి మట్టి చేతిలోకి తీసుకుని నలిపి చూశాడు.

"నేల బాగుందక్కా. నీళ్ళకి ఇబ్బందేం లేదుగా?"

"ఏం లేదన్నా, బ్రహ్మాండంగా..." మరిది అందుకోబోయాడు.

"ఎండాకాలం బోరు ఆగి ఆగి పోస్తది," అన్నాను. "ఆ ఈశాన్యం మూల చౌడు, అక్కడ ఏదీ మొలవదు. వానాకాలం కింది మడి నీళ్ళు పట్టి పత్తి కుళ్ళుద్ది. నిరుడు మిర్చికి తెగులు తగిలింది."

"వదినా!" అన్నాడు మరిది.

"ఇంకోటుంది. ఆ కళ్ళంలోనే మా ఆయన పోయాడు. గుండెజబ్బుతో పోయాడు."

మొక్కు తీర్చాక ఆ మాట నా నోటి నుంచి రావడం అదే మొదటిసారి. వచ్చినాయన చేతిలో మట్టి వదిలేసి, మరిది ముఖం చూసి, ధర తగ్గించి చెప్పాడు. సరేనన్నాను.