అడక్కుండా తీసుకోని ఇంజనీరు

మార్చి మొదటి సోమవారం మినెజాకి తోకుజి తమ కంపెనీకి ఒక ఉత్తరం రాశారు. తాను రాసిన ప్రోగ్రామును తాను కాపీ చేసుకోవచ్చా అని అందులో అడిగారు.

కుర్రతనంలో కంపెనీ ఆయన్ను టోక్యోలోని ఒక పరిశోధనశాలకు నాలుగేళ్లు అరువిచ్చింది. ఆలోచించే కంప్యూటర్లు చేద్దామని దేశమంతా ఉబలాటపడిన రోజులవి. అక్కడ ఆయన సమాంతర తర్క భాషలనే కంప్యూటర్ భాషల మీద పనిచేశారు. వాటిలో రాసిన ప్రోగ్రాము ముక్కలన్నీ ఒకేసారి నడుస్తాయి. తనకు కావలసిన విలువ ఇంకో ముక్క ఇచ్చేదాకా ప్రతి ముక్కా విసుక్కోకుండా కూర్చుంటుంది. ఈ భాషలు ఆయనకు అంతగా ఎందుకు నచ్చాయో భార్య ఫుసాఎకు ఎవరూ వివరించాల్సిన పని లేకపోయింది.

ప్రాజెక్టు మూతపడ్డాక ఆ భాషల్ని నడిపే ప్రోగ్రాములు తలో దిక్కుకూ పోయాయి. ఏది ఎక్కడ దొరుకుతుందో చెప్పే వెబ్ పేజీ ఒకటి మినెజాకి నడుపుతున్నారు. లింకు పెట్టేముందు అవతలివాళ్లను అడగడం మర్యాద. మిగతావాళ్లు అడిగి పెట్టేస్తారు, ఈయన జవాబు వచ్చేదాకా పెట్టరు. అందుకని పేజీలో చాలా పేర్ల పక్కన లింకు బదులు ‘అనుమతి రావాలి’ అని ఉంటుంది. అది వచ్చేలోపు కొన్ని ప్రోగ్రాములే లేకుండా పోయాయి.

ఈసారి పోబోయేది అలాంటి ప్రోగ్రామే, ఆయన స్వయంగా రాసిన కంపైలర్. తెలిసినంతలో మిగిలిన ఒకే ఒక్క ప్రతి, పాత సహోద్యోగి కువహాతా పనిచేసే యూనివర్సిటీ కంప్యూటర్లో ఉంది. నెలాఖరుకు దాన్ని పారేస్తారు. పావుగంట పని, వచ్చి కాపీ చేసుకోమని కువహాతా ఫోన్ చేశాడు.

"రాసింది మీరే కదండీ?"

"కంపెనీ జీతం తీసుకుంటూ రాశాను. చెప్పకుండా పట్టుకుపోతే బాగుంటుందా?"

కంపెనీలో ఆయన పాత విభాగం ఎప్పుడో రద్దయింది. ఆయన ఉత్తరం అందుకున్న కొత్త విభాగం లాయర్లను అడిగింది. పరిశోధనశాలతో అప్పట్లో చేసుకున్న ఒప్పందం ఎవరి దగ్గరుందో తెలుసా అని లాయర్లు మినెజాకినే అడిగారు.

కొతాత్సు అనే వెచ్చటి బల్ల దగ్గర కమలాపండు ఒలుస్తూ ఫుసాఎ అంది. "పెళ్లికీ ఇంతే. మా నాన్న ఉత్తరం వచ్చేదాకా కదల్లేదు మీరు."

"వచ్చింది కదా."

"నాన్న రాసి చొక్కా జేబులో పెట్టుకుని తిరుగుతుంటే నేను తీసి పోస్టు చేశాను. అలా వచ్చింది."

మార్చి ఆఖరున కంప్యూటరును లారీ ఎక్కించారు. ఏప్రిల్ మూడో వారంలో, వరసగా అధికారుల ఎర్ర ముద్రలు వేయించుకుని, అనుమతి వచ్చింది. మినెజాకి కృతజ్ఞతలు తెలుపుతూ జవాబు రాశారు. ఆ తర్వాత చాలా రోజులు ఆయన తన వెబ్ పేజీ తెరవలేదు.

మే నెలలో కువహాతా మళ్లీ ఫోన్ చేశాడు. చెక్ దేశంలో, బ్ర్నోలో, ఒక విద్యార్థి ఆ పాత కంప్యూటర్లో ఉన్నదంతా ఎప్పుడో దింపుకుని తన పేజీలో పెట్టాడట. అందులో మినెజాకి కంపైలర్ కూడా ఉంది. ఇప్పటి కంప్యూటర్ల మీద నడిచేలా దాన్ని బాగుచేశాడు కూడా.

మినెజాకి మొదట అడిగింది ఒక్కటే.

"ఎవర్నీ అడక్కుండానా?"

"అడిగుంటే ఇంకా మన జవాబు కోసం కూర్చునుండేవాడండీ."

ఆ మధ్యాహ్నమే మినెజాకి నిఘంటువు పక్కన పెట్టుకుని బ్ర్నోకు ఉత్తరం మొదలుపెట్టారు, తన పేజీలో అతని పేజీకి లింకు పెట్టుకోవచ్చా అని. ఆయన మర్యాద వాక్యాల దగ్గర ఉండగానే ఫుసాఎ వంటింట్లోంచి కువహాతాకు ఫోన్ చేసి, ఈలోగా ఒక ప్రతి దింపి ఉంచమంది.